కొత్త యూజర్‌కి పాస్‌వర్డ్ మార్చమనే ప్రాంప్ట్: రాకపోతే ఎక్కడ చూడాలి, వచ్చి పోకపోతే ఎక్కడ చూడాలి

మీరు చెప్పిన సమస్య ఇదీ. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మెయిన్ ఆఫీసు, చెన్నై గిండీలో బ్రాంచి, రెండింటికీ ఒకటే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ (యూజర్ అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు ఒకేచోట ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ). కొత్తగా చేరినవాళ్లకి అకౌంట్ చేసి, తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చి, ‘యూజర్ మస్ట్ ఛేంజ్ పాస్‌వర్డ్ ఎట్ నెక్స్ట్ లాగాన్’ దగ్గర టిక్ పెడుతున్నారు. కొందరికి ప్రాంప్ట్ అసలు రావడం లేదు. కొందరికి వస్తోంది గానీ ఏ పాస్‌వర్డ్ కొట్టినా తీసుకోవడం లేదు. హైదరాబాద్, విజయవాడల నుంచి పనిచేసేవాళ్లని రిమోట్ డెస్క్‌టాప్ లోపలికే రానివ్వడం లేదు. ఒకరిద్దరిని రోజూ మార్చమంటోంది. ఇదంతా ఎందుకు, టిక్ తీసేసి అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఇచ్చేద్దామా అని అడిగారు.

దయచేసి తీయకండి. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ అయితే ఎవరి పేరుతో ఎవరు లాగిన్ అయ్యారో రేపు లాగ్ చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మార్చమని అడగకపోతే చాలామంది ఆ పాస్‌వర్డ్‌ని ఏళ్ల తరబడి అలాగే ఉంచేస్తారు, అది పక్క సీటువాళ్లకి తెలిసే ఉంటుంది. పైగా మీ నాలుగు సమస్యలకీ కారణం టిక్ కాదు. టిక్ చేసేది చాలా చిన్న పని. మార్చమని అడగాల్సింది యూజర్ లాగిన్ అయ్యే చోటు. ఆ చోటుకి అడగడం చేతకాకపోతే ఈ తిప్పలన్నీ మొదలవుతాయి. కాబట్టి టికెట్ (యూజర్ ఫిర్యాదు) రాగానే రీసెట్ కొట్టకుండా, ముందు ‘ఎక్కడ లాగిన్ అవుతుంటే ఆగింది?’ అని అడగండి. ఆఫీసు డెస్క్‌టాపా, ఇంట్లో ల్యాప్‌టాపా, వీపీఎన్నా, రిమోట్ డెస్క్‌టాపా, వెబ్‌మెయిలా? ఈ ఒక్క జవాబుతో సగం పని తేలిపోతుంది.

టిక్ పెడితే లోపల జరిగేది ఇదీ. యూజర్ ఆబ్జెక్ట్‌లో పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్ అనే అట్రిబ్యూట్ ఉంటుంది. పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మారిందో అందులో ఉంటుంది, 1601 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన ఒక పెద్ద అంకె రూపంలో. టిక్ పెడితే అది 0 అవుతుంది. టిక్ తీస్తే అందులో -1 రాసినట్టు లెక్క, దాన్ని డైరెక్టరీ అప్పటి సమయంగా మార్చేస్తుంది. 0 ఉన్న అకౌంట్‌కి సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా డొమైన్ కంట్రోలర్ (లాగిన్ సరిచూసే సర్వర్) లోపలికి పంపదు, ‘ముందు మార్చుకోవాలి’ అని ఒక కోడ్ తిప్పి పంపుతుంది. ఆ కోడ్ చూసి మార్చుకునే బాక్స్ చూపించే తెలివి విండోస్ లాగిన్ స్క్రీన్‌కి ఉంది. అదే కోడ్ ఏ ఫైర్‌వాల్‌కో, పాత ఇంట్రానెట్ పోర్టల్‌కో వెళితే ‘లాగిన్ ఫెయిల్డ్’ అని చూపించి ఊరుకుంటుంది. యూజర్ మీకు ఫోన్ చేసి ‘మీరిచ్చిన పాస్‌వర్డ్ తప్పు’ అంటాడు. మీరు రీసెట్ చేస్తారు. మళ్లీ అదే.

రీసెట్ కొట్టడానికి ముందు ఆ అకౌంట్‌ని ఒకసారి చదవండి. పవర్‌షెల్‌లో గెట్-ఏడీయూజర్ కమాండ్‌కి ప్రాపర్టీస్ కింద పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్, పాస్‌వర్డ్‌నెవర్‌ఎక్స్‌పైర్స్, కెనాట్‌ఛేంజ్‌పాస్‌వర్డ్, లాక్డ్‌అవుట్, వెన్‌క్రియేటెడ్ ఇవ్వండి. పవర్‌షెల్ లేకపోతే నెట్ యూజర్ కమాండ్‌లో లాగిన్ పేరు, స్లాష్ డొమైన్ ఇచ్చినా చాలావరకు తెలుస్తుంది. అందులో ‘పాస్‌వర్డ్ ఛేంజబుల్’ అనే లైను, ‘యూజర్ మే ఛేంజ్ పాస్‌వర్డ్’ అనే లైను తప్పకుండా చూడండి. రీసెట్ కొట్టేస్తే ఈ సాక్ష్యమంతా చెరిగిపోతుంది, ఆ తర్వాత చేసేదంతా ఊహే.

ప్రాంప్ట్ అసలు రాని కేసులు

వీటికి కారణాలు కొద్దే. మొట్టమొదట చూడాల్సింది ‘పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్’. ఇదీ, మార్చమనే టిక్కూ ఒక అకౌంట్‌లో కలిసి ఉండలేవు. యూజర్స్ అండ్ కంప్యూటర్స్ కన్సోల్‌లో చేస్తే హెచ్చరిక వస్తుంది గానీ దాన్ని చదవకుండా ఓకే నొక్కేస్తాం. ఇది అకౌంట్‌లోకి వచ్చే దారి సాధారణంగా ‘కాపీ’. ఎప్పుడో చేసిన టెంప్లేట్ యూజర్‌ని, లేదా అదే టీమ్‌లో పాత ఉద్యోగిని రైట్ క్లిక్ చేసి కాపీ కొడితే అకౌంట్ ఆప్షన్లన్నీ వెంట వస్తాయి. ‘యూజర్ కెనాట్ ఛేంజ్ పాస్‌వర్డ్’ కూడా అలాగే వస్తుంది. అది ఇంకా ఇబ్బంది పెడుతుంది: ఒకపక్క మార్చాలి, ఇంకోపక్క మార్చే హక్కు లేదు. టెంప్లేట్‌ని ఒక్కసారి సరిచేసుకుంటే ఆ రకం టికెట్లు మొత్తం ఆగిపోతాయి.

రెండోది, యూజర్ నిజానికి డొమైన్ పాస్‌వర్డ్‌తో లాగిన్ కాకపోవడం. ల్యాప్‌టాప్‌లో లోకల్ అకౌంట్‌తో లోపలికి వెళ్లి, షేర్డ్ ఫోల్డర్ తెరిచేటప్పుడు మాత్రం డొమైన్ పేరు, పాస్‌వర్డ్ కొడుతున్నాడేమో చూడండి. అక్కడ మార్చుకునే బాక్స్ రాదు, ఎర్రర్ మాత్రమే వస్తుంది.

మూడోది వైఫై. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో డెస్క్ దగ్గర కేబుల్ ఉండదు. ఆఫీసు వైఫైకి యూజర్ పేరుతోనే కనెక్ట్ అయ్యేలా పెట్టి ఉంటే, లాగిన్ స్క్రీన్ దగ్గర యంత్రానికి ఇంకా నెట్‌వర్కే ఉండదు. నెట్‌వర్క్ లేక డొమైన్ కంట్రోలర్ అందదు. కొత్త యూజర్‌కి ఆ ల్యాప్‌టాప్‌లో క్యాష్ (ముందటి లాగిన్ నుంచి దాచి ఉంచిన వివరాలు) కూడా ఉండదు గనక ‘డొమైన్ అందుబాటులో లేదు’ అని వచ్చి ఆగిపోతుంది. దీనికి సరైన మందు వైఫై ప్రొఫైల్‌లో కంప్యూటర్ ఆథెంటికేషన్ కూడా పెట్టడం. అది అయ్యేదాకా ఐటీ డెస్క్ దగ్గర ఒక కేబుల్, టైప్-సీ ఈథర్‌నెట్ అడాప్టర్ ఉంచి, మొదటి లాగిన్ అక్కడే చేయించండి.

ప్రాంప్ట్ వచ్చి, కొత్త పాస్‌వర్డ్ తీసుకోని కేసులు

ఎక్కువ టైము తినేది ఇదే, ఎందుకంటే అరడజను వేరువేరు కారణాలకి విండోస్ ఒకటే మాట చెబుతుంది: కొత్త పాస్‌వర్డ్ డొమైన్ పొడవు, కాంప్లెక్సిటీ, హిస్టరీ నిబంధనలకు సరిపోలేదు అని. ఆ మాటని పట్టుకుని యూజర్ ఇంకో అంకె, ఇంకో గుర్తు కలుపుతూ పోతాడు. అసలు కారణం మాత్రం ఇంకోచోట ఉంటుంది.

కొత్త డొమైన్‌లో డిఫాల్ట్‌గా వచ్చే విలువలు గుర్తుపెట్టుకోండి: కనీస పొడవు 7, హిస్టరీ 24 (గత 24 పాస్‌వర్డ్‌లు మళ్లీ వాడకూడదు), గరిష్ఠ వయసు 42 రోజులు (ఆ తర్వాత మార్చాల్సిందే), కనీస వయసు 1 రోజు (అంతకుముందు మళ్లీ మార్చకూడదు), కాంప్లెక్సిటీ ఆన్. వీటిలో మనుషుల్ని ఎక్కువగా ఏడిపించేది కనీస వయసు. టిక్ ఉన్నప్పుడు అది అడ్డు రాదు, ఎందుకంటే చివరిసారి మారిన సమయం 0గా ఉంటుంది కదా. కానీ మీ టీమ్‌లో ఎవరో హడావిడిలో టిక్ లేకుండా రీసెట్ చేసి, ‘కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొట్టి మీరే మార్చుకోండి’ అని చెప్పారనుకోండి. రీసెట్ అయిన క్షణం నుంచి 24 గంటలు గడిచేదాకా యూజర్ ఎంత గొప్ప పాస్‌వర్డ్ కొట్టినా అదే ఎర్రర్. మొదటి లాగిన్‌లో చక్కగా మార్చుకుని, ‘ఇది గుర్తుండదు, ఇంకోటి పెట్టుకుంటా’ అని పది నిమిషాల్లో మళ్లీ ప్రయత్నించినవాళ్లకీ ఇంతే. నెట్ యూజర్ అవుట్‌పుట్‌లో ‘పాస్‌వర్డ్ ఛేంజబుల్’ లైనులో రేపటి తేదీ కనిపిస్తే వేరే ఏమీ వెతకక్కర్లేదు. టిక్ పెట్టండి, అయిపోతుంది.

తర్వాతిది పేర్ల వ్యవహారం. ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా తగులుతుంది. కాంప్లెక్సిటీ ఆన్‌లో ఉంటే ఐదు రకాల అక్షరాల్లో (పెద్దబడి అంటే క్యాపిటల్, చిన్నబడి అంటే స్మాల్, అంకెలు, గుర్తులు, పెద్దా చిన్నా తేడా లేని ఇతర భాషల అక్షరాలు) మూడు రకాలు ఉండాలన్నది అందరికీ తెలుసు. దాంతోపాటు ఇంకో నియమం ఉంది. లాగిన్ పేరు మొత్తంగా పాస్‌వర్డ్‌లో ఉండకూడదు. డిస్‌ప్లే నేమ్‌ని కామా, చుక్క, హైఫన్, అండర్‌స్కోర్, ఖాళీ, హాష్ గుర్తు, ట్యాబ్ దగ్గర ముక్కలు చేసి, మూడు అక్షరాలూ అంతకు మించీ ఉన్న ఏ ముక్క పాస్‌వర్డ్‌లో కనిపించినా తిప్పికొడుతుంది. పెద్దబడి చిన్నబడి తేడా చూడదు. మాట మధ్యలో ఉన్నా వదలదు.

రవి అనే అతను ‘గ్రావిటీ’ అనే ఇంగ్లిష్ మాటతో పాస్‌వర్డ్ పెట్టుకోలేడు, దాని స్పెల్లింగ్‌లో ఆర్-ఏ-వీ-ఐ వరసగా ఉన్నాయి. దేవి అనే ఆమెకి ‘డివైస్’ పనికిరాదు. పేరులో రామ్ ఉంటే ‘ప్రోగ్రామ్’ పోయింది, సాయి ఉంటే ‘మొజాయిక్’ పోయింది. ఇంటిపేరుకి బదులు పెట్టే రెండక్షరాల ఇనిషియల్స్ మాత్రం లెక్కలోకి రావు. ఇక మీ సంస్థలో డిస్‌ప్లే నేమ్ చివర హైఫన్ పెట్టి ఊరి పేరు రాసే పద్ధతి ఉంటే, ‘చెన్నై’ కూడా ఒక ముక్కే. గిండీ బ్రాంచిలో అందరికీ ఊరి పేరున్న పాస్‌వర్డ్ తిరస్కరించి, బెంగళూరులో ఎవరికీ సమస్య రాకపోతే ముందుగా ఇది చూడండి. మీరు తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టేటప్పుడూ ఇదే నియమం వర్తిస్తుంది. బల్క్‌గా అకౌంట్లు చేసే స్క్రిప్ట్ యాభై పేర్లలో రెండు మూడింటి దగ్గర మాత్రమే ఎర్రర్ ఇస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు.

హిస్టరీ గురించి ఒక్క మాట. తాత్కాలిక పాస్‌వర్డ్ కూడా హిస్టరీలోకి వెళుతుంది. ‘మార్చమంది కదా’ అని మళ్లీ అదే కొడితే కుదరదు. ఇక్కడే ఒక మంచి పరీక్ష ఉంది: అడ్మిన్ రీసెట్‌కి పొడవు, కాంప్లెక్సిటీ వర్తిస్తాయి, హిస్టరీ, కనీస వయసు వర్తించవు. కాబట్టి యూజర్ ఉన్న గ్రూపుల్లోనే ఒక టెస్ట్ అకౌంట్ చేసి, డిస్‌ప్లే నేమ్ యూజర్‌దే ఇచ్చి, అదే తరహా పాస్‌వర్డ్‌ని (యూజర్ అసలు పాస్‌వర్డ్ అడగొద్దు) రీసెట్‌తో పెట్టి చూడండి. అది తీసుకుంటే పొడవు, కాంప్లెక్సిటీ తప్పు కాదు. మిగిలినవి వయసు, హిస్టరీ, లేదా దారిలో అడ్డంకి.

పాలసీ ఏది వర్తిస్తోందో కూడా నిర్ధారించుకోండి. ఒక ఓయూకి (డైరెక్టరీలో అకౌంట్లని, కంప్యూటర్లని విడదీసి పెట్టే ఫోల్డర్ లాంటిది) గ్రూప్ పాలసీ లింక్ చేసి అందులో పాస్‌వర్డ్ నియమాలు మార్చి, ‘కొత్తవాళ్లకి సులభం చేశాం, అయినా తీసుకోవడం లేదు’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. డొమైన్ అకౌంట్లకి పాస్‌వర్డ్ పాలసీ డొమైన్ స్థాయిలో లింక్ అయిన పాలసీ నుంచే వస్తుంది. ఓయూకి లింక్ చేసినది ఆ ఓయూలోని కంప్యూటర్ల లోకల్ అకౌంట్లకి మాత్రమే తగులుతుంది. కొందరికి వేరే నియమాలు కావాలంటే ఫైన్-గ్రెయిన్డ్ పాలసీ చేసి యూజర్‌కో, గ్లోబల్ సెక్యూరిటీ గ్రూప్‌కో పెట్టాలి, ఓయూకి పెట్టడం కుదరదు. రెండు మూడు తగిలితే నేరుగా యూజర్‌కి పెట్టినది గెలుస్తుంది, తర్వాత గ్రూపులకి పెట్టినవాటిలో ప్రెసిడెన్స్ అంకె చిన్నది గెలుస్తుంది. గెట్-ఏడీయూజర్‌రిజల్టెంట్‌పాస్‌వర్డ్‌పాలసీ కమాండ్ కొడితే ఆ యూజర్‌కి చివరికి ఏది వర్తించిందో చెబుతుంది. ఖాళీగా వస్తే డిఫాల్ట్ డొమైన్ పాలసీయే అని అర్థం. డొమైన్ కంట్రోలర్లలో నిషిద్ధ పదాలు చూసే పాస్‌వర్డ్ ఫిల్టర్ ఏదైనా పెట్టి ఉంటే అది తిప్పికొట్టినా యూజర్‌కి కనిపించేది ఇదే ఎర్రర్, దాని లాగ్ విడిగా చూడాలి.

ఇక దారిలో అడ్డంకి. లాగిన్ బాగానే అవుతోంది, మార్చుకునేటప్పుడు మాత్రం కాసేపు తిరిగి ‘డొమైన్ కంట్రోలర్ నుంచి కాన్ఫిగరేషన్ సమాచారం చదవలేకపోయాం’ అనే అర్థంలో ఎర్రర్ వస్తోందా? పోర్ట్ 464 చూడండి. కెర్బెరోస్ (డొమైన్‌లో పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి) లాగిన్‌కి 88, ఎల్‌డాప్‌కి (డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి) 389, షేర్లకి 445 తెరిచి, పాస్‌వర్డ్ మార్పుకి వాడే 464ని మర్చిపోవడం ఫైర్‌వాల్ టీముల్లో మామూలే. అంతకుముందు కెర్బెరోస్ దారి మూసుకుపోతే విండోస్ చప్పుడు చేయకుండా ఎన్‌టీఎల్‌ఎం అనే పాత పద్ధతి దారిలో మార్చేసేది. 2016 ఆగస్టులో వచ్చిన ఎంఎస్16-101 భద్రతా అప్‌డేట్ ఆ దారి మూసేసింది. అప్పటినుంచీ 464 టీసీపీ, యూడీపీ రెండూ తెరిచి ఉండాల్సిందే. క్లయింట్ నుంచి టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో డొమైన్ కంట్రోలర్ పేరు, పోర్ట్ 464 ఇచ్చి చూడండి, కొన్ని సెకన్లలో తెలిసిపోతుంది. (ఇది టీసీపీనే చూస్తుంది, యూడీపీ సంగతి ఫైర్‌వాల్ లాగ్‌లో చూడాలి.) గడియారం తేడా 5 నిమిషాలు దాటినా కెర్బెరోస్ ఒప్పుకోదు. చాలాకాలం స్టోర్‌లో పడి ఉన్న ల్యాప్‌టాప్ కొత్తవాళ్లకి ఇస్తే ఇది తగులుతుంది.

ఊహించకుండా తేల్చుకోవాలంటే డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్ చదవాలి. యూజర్ అకౌంట్ మేనేజ్‌మెంట్ ఆడిట్‌లో సక్సెస్‌తోపాటు ఫెయిల్యూర్ కూడా ఆన్ చేయండి. యూజర్ మార్చుకునే ప్రయత్నం 4723 నంబరు ఈవెంట్‌గా వస్తుంది, అడ్మిన్ రీసెట్ 4724గా వస్తుంది. 4723 ఫెయిల్యూర్ కనిపిస్తే అభ్యర్థన చేరింది, పాలసీ తిప్పికొట్టింది. 4723 లేకుండా, 4771లో సర్వీస్ పేరు దగ్గర కేఅడ్మిన్ స్లాష్ ఛేంజ్‌పీడబ్ల్యూ అని కనిపిస్తే యూజర్ పాత పాస్‌వర్డ్ గడిలో తప్పు కొట్టాడు. ఏ డొమైన్ కంట్రోలర్‌లోనూ ఏదీ లేకపోతే అభ్యర్థన అసలు చేరలేదు, మళ్లీ 464 దగ్గరికి వెళ్లండి. అన్ని కంట్రోలర్లూ చూడాలన్నది మర్చిపోకండి, యూజర్ దేనితో మాట్లాడాడో ముందే తెలియదు.

రిమోట్ డెస్క్‌టాప్, వీపీఎన్, ఇంటి నుంచి మొదటి లాగిన్

రిమోట్ డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ ఆన్‌లో ఉంటే, సెషన్ తెరవకముందే పాస్‌వర్డ్ సరిచూడటం జరుగుతుంది. అప్పటికి అవతలి మెషీన్ స్క్రీన్ ఇంకా ఉండదు గనక మార్చుకునే బాక్స్ చూపించడానికి చోటే లేదు. ‘మొదటిసారి లాగిన్ అయ్యే ముందు పాస్‌వర్డ్ మార్చుకోవాలి’ అని చెప్పి తలుపు మూసేస్తుంది. ఎన్ని రీసెట్లు చేసినా, టిక్ ఉన్నంతసేపూ ఇది ఇలాగే ఉంటుంది. కొందరు వెంటనే సర్వర్‌లో ఆ ఆథెంటికేషన్ ఆఫ్ చేస్తారు. ఒక్క కొత్త ఉద్యోగి కోసం సర్వర్‌కి ఉన్న మొదటి రక్షణ తీసేయడం నా దృష్టిలో సరికాదు, తాత్కాలికం అనుకున్నది అలాగే ఉండిపోతుంది.

మీ దగ్గర రిమోట్ డెస్క్‌టాప్ వెబ్ యాక్సెస్ ఉంటే అందులోనే పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) మేనేజర్‌లో ఆర్‌డీవెబ్ కింద పేజెస్, అందులో అప్లికేషన్ సెట్టింగ్స్‌కి వెళ్లి పాస్‌వర్డ్‌ఛేంజ్‌ఎనేబుల్డ్ విలువని ట్రూ చేయండి. యూజర్ బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి డొమైన్ పేరు, బ్యాక్‌స్లాష్, లాగిన్ పేరు కొట్టి మార్చుకుంటాడు, తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వెళుతుంది.

వీపీఎన్ దగ్గర సంగతి అది ఏ ప్రోటోకాల్‌తో అడుగుతోందన్న దాని మీద ఉంది. రేడియస్ అనే ప్రోటోకాల్ ద్వారా ఎన్‌పీఎస్‌కి (విండోస్‌లో ఆ లాగిన్లు సరిచూసే సర్వీస్) వెళుతుంటే పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతిగా ఎంఎస్-చాప్ వెర్షన్ 2 ఉండాలి, ఎన్‌పీఎస్ పాలసీలో దాని కింద ‘గడువు తీరాక యూజర్ మార్చుకోవచ్చు’ అనే టిక్ ఉండాలి. పాప్ అనే పద్ధతి వాడితే మార్చడం కుదరదు. ఎల్‌డాప్ ద్వారా వెళుతుంటే మార్పు కోసం ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్, అంటే మామూలుగా పోర్ట్ 636 మీద ఎల్‌డాప్స్ తప్పనిసరి. సిస్కో ఏఎస్ఏలో టన్నెల్-గ్రూప్ కింద పాస్‌వర్డ్-మేనేజ్‌మెంట్, ఫోర్టిగేట్‌లో ఎల్‌డాప్ సర్వర్ సెట్టింగ్ కింద పాస్‌వర్డ్-రెన్యువల్ ఆన్ చేయాలి. ఫైర్‌వాల్ డీబగ్‌లో ఎల్‌డాప్ ఎర్రర్ 49 వెనక ‘డేటా’ అని ఒక చిన్న కోడ్ ఉంటుంది, దాన్నే చదవండి: 773 అంటే మార్చుకోవాలి, 532 అంటే గడువు తీరింది, 775 అంటే లాక్ అయింది, 533 అంటే అకౌంట్ డిజేబుల్, 52ఈ అంటే పాస్‌వర్డ్ నిజంగానే తప్పు. విండోస్ 4625 ఈవెంట్ సబ్-స్టేటస్‌లో చివర సీ0000224 ఉంటే మార్చుకోవాలి, సీ0000071 ఉంటే గడువు తీరింది.

కొత్త ల్యాప్‌టాప్ కొరియర్‌లో విజయవాడ ఇంటికి చేరి, మొదటి లాగిన్ అక్కడే అయితే ముందు చెప్పిన క్యాష్ సమస్య వస్తుంది. లాగిన్‌కి ముందే వీపీఎన్ కలిసే ఏర్పాటు (స్టార్ట్ బిఫోర్ లాగాన్, లేదా ఆల్వేస్ ఆన్ వీపీఎన్ డివైస్ టన్నెల్) ఉంటే అంతకన్నా మేలైనది లేదు. లేకపోతే ఒక దారి ఉంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే పనిచేస్తున్న ఏదో ఒక అకౌంట్‌తో లోపలికి వెళ్లి వీపీఎన్ కలపండి. ఆ వీపీఎన్ లాగిన్ కొత్త యూజర్ పేరుతో ఉండకూడదు, అది ఇంకా 0 దగ్గరే ఉంది. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొట్టి ‘ఛేంజ్ ఏ పాస్‌వర్డ్’ తెరిస్తే పైన యూజర్ పేరు గడి ఉంటుంది. అందులో డొమైన్, బ్యాక్‌స్లాష్, కొత్త యూజర్ పేరు రాసి, తాత్కాలిక పాస్‌వర్డ్, కొత్త పాస్‌వర్డ్ యూజర్ చేతే కొట్టించండి. తర్వాత వీపీఎన్ తెగకుండా స్విచ్ యూజర్‌తో లాగిన్ చేయిస్తే క్యాష్ కూడా ఏర్పడుతుంది. స్విచ్ చేయగానే వీపీఎన్ తెగే క్లయింట్ అయితే రన్‌యాజ్ కమాండ్‌తో కొత్త యూజర్ పేరున కమాండ్ ప్రాంప్ట్ ఒకసారి తెరిచినా చాలు. పాస్‌వర్డ్ మార్చకుండా ముందే రన్‌యాజ్ కొడితే 1907 ఎర్రర్ వస్తుంది, వరస తిప్పకండి. రిమోట్ సెషన్ లోపల చేస్తుంటే డిలీట్ బదులు ఎండ్ నొక్కాలి.

రోజూ మార్చమంటోంది అన్న కేసు

యూజర్ నిన్న మార్చాడు, ఇవాళ మళ్లీ అడుగుతోంది. ఇక్కడ రెప్‌అడ్మిన్ షోఆబ్జ్‌మెటా కమాండ్ బంగారం. దానికి డొమైన్ కంట్రోలర్ పేరు, యూజర్ పూర్తి డీఎన్ (డైరెక్టరీలో ఆ అకౌంట్ పూర్తి చిరునామా) ఇస్తే ప్రతి అట్రిబ్యూట్ పక్కన అది చివరిసారి ఏ కంట్రోలర్ మీద, ఏ సమయానికి మారిందో, వెర్షన్ ఎంతో వస్తుంది. యూనికోడ్‌పీడబ్ల్యూడీ (అసలు పాస్‌వర్డ్), పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్, ఈ రెండు లైన్లు పక్కపక్కన పెట్టి చూడండి. యూజర్ మార్చుకున్నప్పుడు రెండూ ఒకే సమయానికి మారతాయి. పాస్‌వర్డ్ నిన్న సాయంత్రం 4 గంటలకి మారి, పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్ మాత్రం అర్ధరాత్రి 1 గంటకి మారిందంటే, పాస్‌వర్డ్ ముట్టుకోకుండా టిక్ మాత్రమే మళ్లీ ఎవరో పెట్టారు. రాత్రి ఒంటిగంటకి పెట్టేది మనిషి కాదు, షెడ్యూల్డ్ స్క్రిప్ట్. హెచ్‌ఆర్ జాబితా నుంచి అకౌంట్లు తయారుచేసే స్క్రిప్ట్ ఇప్పటికే ఉన్నవాళ్లని కూడా ‘కొత్తవాళ్లు’గా చూసి ఛేంజ్‌పాస్‌వర్డ్‌ఎట్‌లాగాన్‌ని ట్రూ చేస్తుంటే ఇలాగే జరుగుతుంది. స్క్రిప్ట్‌లో ఆ లైను అకౌంట్ సృష్టించే భాగంలో మాత్రమే ఉండాలి, అప్‌డేట్ చేసే భాగంలో ఉండకూడదు. అదే సమయానికి ఆ కంట్రోలర్‌లో 4738 ఈవెంట్ చూస్తే ఏ సర్వీస్ అకౌంట్ చేసిందో కూడా పేరుతో దొరుకుతుంది.

బెంగళూరులో చేసిన అకౌంట్ చెన్నైలో తెలియకపోవడం

ఒక సైట్‌లోపల (అంటే ఒకే ఆఫీసులో) మార్పులు ఒక కంట్రోలర్ నుంచి ఇంకోదానికి సెకన్లలో పాకుతాయి. రెండు సైట్ల మధ్య సైట్ లింక్ డిఫాల్ట్ విరామం 180 నిమిషాలు, కనిష్ఠం 15. వైట్‌ఫీల్డ్ కంట్రోలర్ మీద ఉదయం 9:30కి చేసిన అకౌంట్ గిండీ కంట్రోలర్‌కి మధ్యాహ్నం దాకా తెలియకపోవచ్చు. అక్కడ కొత్త ఉద్యోగికి ‘పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు’ అని వస్తుంది. పాస్‌వర్డ్ మార్పులు అలా కాదు, అవి వెంటనే పీడీసీ ఎమ్యులేటర్‌కి (పాస్‌వర్డ్ మార్పులు ముందుగా అందుకునే ఒక ప్రత్యేక కంట్రోలర్) చేరతాయి, పాస్‌వర్డ్ సరిపోని కంట్రోలర్ దాన్ని అడిగి చూసుకుంటుంది. కానీ అకౌంటే లేనప్పుడు అడగడానికి ఏమీ లేదు. మీరు బెంగళూరు నుంచి పదిసార్లు రీసెట్ చేసినా చెన్నైలో ఫలితం ఉండదు. గిండీ కంట్రోలర్ లాగ్‌లో 4768 ఫెయిల్యూర్, రిజల్ట్ కోడ్ చివర 6 ఉంటే అకౌంట్ ఇంకా చేరలేదని అర్థం. చెన్నైవాళ్ల అకౌంట్లని కన్సోల్‌లో ‘ఛేంజ్ డొమైన్ కంట్రోలర్’ ఎంచుకుని చెన్నై కంట్రోలర్ మీదే చేయండి, పవర్‌షెల్‌లో అయితే సర్వర్ పారామీటర్ ఇవ్వండి. ఇప్పటికే చేసేసి ఉంటే రెప్‌అడ్మిన్ రెప్ల్‌సింగిల్‌ఆబ్జ్‌తో ఆ ఒక్క ఆబ్జెక్ట్‌ని తోయొచ్చు. విరామాన్ని 15కి తగ్గించడం ఇంకా మంచిది.

మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్లకి

పాస్‌వర్డ్ హాష్ సింక్ (ఆఫీసు డొమైన్ పాస్‌వర్డ్‌తోనే క్లౌడ్‌లో లాగిన్ అయ్యేలా చేసే ఏర్పాటు) వాడుతుంటే, టిక్ ఉన్న అకౌంట్ తాత్కాలిక పాస్‌వర్డ్ డిఫాల్ట్‌గా క్లౌడ్‌కి వెళ్లదు. యూజర్ ఇంట్లో కూర్చుని ముందు మెయిల్ తెరవబోతే ‘తప్పు’ అంటుంది. సింక్ సర్వర్‌లో ఫోర్స్‌పాస్‌వర్డ్‌ఛేంజ్‌ఆన్‌లాగాన్ ఫీచర్ ఆన్ చేస్తే తాత్కాలిక పాస్‌వర్డ్‌తోపాటు మార్చమనే గుర్తు కూడా వెళుతుంది. కానీ సెల్ఫ్-సర్వీస్ రీసెట్, పాస్‌వర్డ్ రైట్‌బ్యాక్ (క్లౌడ్‌లో మార్చినది ఆఫీసు డొమైన్‌లో రాయడం) రెండూ పనిచేస్తుంటేనే ఇది ఆన్ చేయండి, లేకపోతే క్లౌడ్‌లో మార్చినది ఆఫీసు డొమైన్‌కి తిరిగి రాదు. ఫీచర్ ఆన్ చేశాక కొత్తగా రీసెట్ చేసినవాళ్లకే ఇది వర్తిస్తుంది. టిక్ మాత్రమే పెడితే సింక్ దాన్ని పట్టించుకోదు, పాస్‌వర్డ్ కూడా మారాలి. రైట్‌బ్యాక్ ఉన్నచోట కనీస వయసు 0 చేయడం మంచిది.

ఇంట్లో ఉన్నవాళ్లు వెబ్‌లో మార్చుకుంటే ల్యాప్‌టాప్‌లో క్యాష్ అయిన పాత పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. వీపీఎన్ కలిపి, స్క్రీన్ లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవమనండి.

డొమైన్‌లో లైనక్స్ సర్వర్లుంటే, అక్కడికి కొత్త యూజర్ మొదటి లాగిన్ ఇంటరాక్టివ్ ఎస్‌ఎస్‌హెచ్‌తోనే జరగాలి. ఫైల్ కాపీ టూల్‌తోనో, స్క్రిప్ట్‌తోనో మొదలుపెడితే ‘టీటీవై లేదు’ అని, అంటే కొత్త పాస్‌వర్డ్ అడగడానికి టెర్మినల్ లేదని, ఆగుతుంది.

తాత్కాలిక పాస్‌వర్డ్ తయారీ కూడా ఈ పనిలో భాగమే. మనిషికొకటి, 14 అక్షరాలైనా ఉండేలా యాదృచ్ఛికంగా పుట్టించండి. సున్నా, పెద్ద ఓ, ఒకటి, చిన్న ఎల్, పెద్ద ఐ వాడొద్దు, ఫోన్‌లో చదివేటప్పుడు ఎవరూ సరిగ్గా పోల్చుకోలేరు. యట్ గుర్తు, డబుల్ కోట్ కూడా వదిలేయండి. యూకే కీబోర్డ్ లేఅవుట్ ఎంపికై ఉంటే అవి రెండూ ఒకదాని స్థానంలో ఒకటి పడతాయి, లాగిన్ స్క్రీన్‌లో చుక్కలే కనిపిస్తాయి గనక యూజర్‌కి తెలిసే అవకాశం లేదు. చాట్‌లో పంపితే చివర ఒక ఖాళీ కాపీ అయ్యే ప్రమాదం ఉంది, చేత్తోనే కొట్టమని చెప్పండి. కొత్త పాస్‌వర్డ్‌లో తమ పేరులోని ఏ ముక్కా, డిస్‌ప్లే నేమ్‌లో ఉన్న ఊరి పేరూ రాకూడదన్న లైను జాయినింగ్ మెయిల్‌లోనే ఉంచండి. ఎక్కడ లాగిన్ అయితే ప్రాంప్ట్ వస్తుందో కూడా అదే మెయిల్‌లో స్పష్టంగా రాయండి: ఆఫీసుకి వచ్చేవాళ్లకి కేబుల్ ఉన్న మెషీన్, ఇంటివాళ్లకి వెబ్ పేజీ లింకు. మెయిల్ కొత్త ఉద్యోగి పర్సనల్ ఐడీకి వెళ్లాలి, ఆఫీసు మెయిల్ తెరవడానికి ఇంకా పాస్‌వర్డ్ లేదు కదా. తాత్కాలిక పాస్‌వర్డ్ మాత్రం ఆ మెయిల్‌లో పెట్టకుండా ఫోన్‌లో చెప్పండి.